బెలారుస్ దేశపు తొలి ముద్రాపకుడు

1512వ సంవత్సరము నవంబరు మాసమున ఇటలీ దేశమునందలి పాదువా నగరములో వైద్యపండితులు కొందఱు ఒక చర్చిలో సమావేశమైరి. వారి యెదుటికి ఒక విన్నపము వచ్చెను. ఎవడో యువకుడు, మిక్కిలి దూరదేశమునుండి వచ్చినవాడు, చేత కాసు లేనివాడు, తన్ను వైద్యశాస్త్రమున పరీక్షించి పట్టము నొసగవలసినదని వేడుకొనుచుండెను. రుసుము చెల్లింప శక్తి లేదు గనుక ఉచితముగనే పరీక్షింపుడని యాతని ప్రార్థన. పండితులు దానిని మన్నించిరి. నాలుగు దినములు గడచిన పిమ్మట, ఆ నెల 9వ తేదీన, బిషప్పుగారి భవనములో పరీక్ష జరిగెను. పరీక్షకు లందఱు నేకగ్రీవముగా నాతడు యోగ్యుడని నిర్ణయించి వైద్యాచార్య పట్టము నిచ్చిరి.

ఆ సభావృత్తాంతమును వ్రాసియుంచిన లేఖకుడు, ఈ యువకుడు పాదువాకు నాలుగువేల మైళ్ల దూరమునుండి, కాదేని యంతకంటెను దూరమునుండి వచ్చినాడని పేర్కొనెను. భూగోళపటమును ముందుంచుకొని సూటిగా కొలిచినచో ఆ దూరము సుమారు 1600 కిలోమీటర్లు మాత్రమే. లేఖకు డసత్యమాడె ననరాదు. ఆ కాలపు పాదువా పండితుని దృష్టిలో ఆ యువకుని జన్మభూమి లోకపు టంచున నున్న దేశము. అంతే.

ఆ యువకుడే ఫ్రాన్సిస్క్ స్కరీనా. పట్టము పొందిన యైదేండ్లకు ఆతడు పుస్తకముల నచ్చొత్తించు కార్యమునకు పూనుకొనెను. నేటి బెలారుసీయులు, యుక్రేనీయులు, రష్యనులు అను మూడు జాతులవారిని తూర్పు స్లావులందురు. ఆ మూడు జాతులలో మొట్టమొదట అచ్చుగ్రంథమును వెలువరించిన వా డాతడే.

స్కరీనా జన్మస్థానము పొలొత్స్క్. ద్వినా నదీతీరమున నున్న ఈ పట్టణము మిక్కిలి ప్రాచీనమైనది. 11వ శతాబ్దమున నిర్మింపబడిన సోఫియా దేవాలయ మచట కలదు. 12వ శతాబ్దమున యూఫ్రోసినీ అను రాజకుమార్తె సన్న్యాసినియై ఆ దేవాలయమున వసించుచు, స్వహస్తముతో పుస్తకములకు ప్రతులు వ్రాసెనని చెప్పుదురు. ఇట్లు పుస్తకమునకును ఆ యూరికిని గల చుట్టరికము పాతదే. కాని స్కరీనా నాటికి పొలొత్స్క్ ప్రధానముగా వర్తక నగరము. అడవి మృగముల తోళ్లు, బొచ్చు, తేనెమైనము పడవల కెక్కించి ద్వినా నది వెంబడి రీగా రేవునకు పంపుచుండెడివారు. స్కరీనా తండ్రి లూకా అట్టి తోళ్ల వర్తకులలో నొకడు. స్కరీనా ఇంచుమించుగా 1490 ప్రాంతమున జన్మించెను.

ఆ కాలమున పొలొత్స్క్ లిథువేనియా మహాసంస్థానములోనిది. ఆ సంస్థానము నేటి లిథువేనియా వలె చిన్న రాజ్యము గాదు. నేటి బెలారుస్ అంతయు, యుక్రేను దేశమున పెద్ద భాగమును దాని యేలుబడిలో నుండెను. విల్నా నగరము, అనగా నేటి విల్నియస్, దానికి రాజధాని. అచటి జనులలో ననేకులు మాటలాడు భాషను రూస్కా అనుచుండిరి. పేరు విని దానిని నేటి రష్యను భాషయని పొరపడరాదు. బెలారుసు పండితులు దానిని ప్రాచీన బెలారుసీ భాషయని వ్యవహరింతురు. సంస్థానపు తీర్పులు, దానపత్రములు ఆ భాషలోనే వ్రాయబడుచుండెను. 1529లో వెలువడిన సంస్థానపు ధర్మశాస్త్రము సైత మా భాషలోనే యున్నది. కాని దేవాలయములలో చదువు గ్రంథముల భాష వేఱు. అది పూర్వకాలపు స్లావు భాష. దానిని చదువుకొన్న పురోహితులు మాత్రమే చక్కగా గ్రహింపగలిగెడివారు. సంతలో సరకు నమ్ముకొను సామాన్యుడు వినుట తప్ప తెలిసికొనుట అరుదు.

బాలుడగు స్కరీనా 1504లో క్రాకో విశ్వవిద్యాలయమున చేరి, 1506లో ప్రథమ పట్టమును సంపాదించెను. ఖగోళశాస్త్రమును తలక్రిందులు చేసిన కోపర్నికసు అంతకు పదియేండ్ల ముందు అచటనే చదివి, పిదప పాదువాకును పోయియుండెను. వర్తకుని కుమారుడు తండ్రి త్రాసును చేపట్టక లాటిను వ్యాకరణమును చేపట్టుట ఇంటివారి కెట్లు తోచెనో! ఏమైనను, ఆతని సోదరుడు ఇవాన్ తోళ్ల వర్తకమును విడువలేదు. ఈ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలయును. ఆ తోళ్లవర్తకమే తరువాత స్కరీనాను చెఱసాలకు పంపినది.

విద్యార్థులారా, ఆ కాలమున పుస్తకమనగా నెట్టిదో కొంచె మూహింపుడు. మన పూర్వులు తాటియాకుల మీద గంటముతో వ్రాసినట్లే, ఐరోపావారు పదునుచేసిన గొఱ్ఱెతోలు మీదను, కాగితము మీదను ఈకకలముతో వ్రాసికొనెడివారు. ఒక పెద్ద గ్రంథమునకు ప్రతి వ్రాయుటకు నెలలు, ఒక్కొక్కప్పు డేండ్లు పట్టెడిది. అందుచేత గ్రంథము ధనవంతుల పెట్టెలలోను మఠములలోను నుండెడిది గాని సామాన్యుని గుడిసెలో నుండెడిది కాదు. 15వ శతాబ్ది మధ్యమున జర్మనీ దేశపు మైంజు నగరవాసి గూటెన్‌బర్గు విడి యక్షరములతో నచ్చువేయు పద్ధతిని నెలకొల్పినపిమ్మట ఈ స్థితి మాఱెను.

ఆ పద్ధతి ఇట్టిది. మొదట ఒక ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును ఉబ్బెత్తుగా చెక్కుదురు. దానిని మెత్తని రాగిపలకపై కొట్టగా అక్షరమునకు గుంట యేర్పడును. ఆ గుంటను అచ్చుగా నమర్చి, కరగిన సీసమును, తగరము మున్నగు లోహములతో కలిపి పోసినచో ఒక సీసపు టక్షరము తయారగును. ఇట్లే వేలకొలది పోయుదురు. పనివాడు వానిని వరుసగా కూర్చి పుటను కట్టును. దీపపు మసిని మరగించిన అవిసెనూనెతో నూఱి చేసిన సిరాను దానిపై నద్ది, పైన తడికాగితము పఱచి, మరతో నదుముదురు. సీసపు టక్షరము తిరగబడి యుండును గనుక కాగితముపై సరిగా పడును. ఒక కాగితముపై మీ పేరు వ్రాసి అద్దమున కెదురుగ పట్టి చూడుడు. అట్టి తలక్రిందు వ్రాతను దినమంతయు తప్పులేకుండ చదువుచు కూర్చుటయే ఆ పనివాని వృత్తి. బొమ్మలకు మాత్రము కొయ్యచెక్కలు. బొమ్మ గీతలను నిలిపి తక్కినదంతయు తొలిచివేయుదురు.

1500 నాటికి ఇటలీ, జర్మనీ, ఫ్రాన్సు దేశముల నగరములలో నచ్చుకూటములు వెలసినవి. కాని యవి యన్నియు మిక్కిలిగా లాటిను గ్రంథములను ముద్రించెడివి. స్లావులలో తూర్పువారు వాడు సిరిలికు లిపి వేఱు. ఆ లిపిలో తొలిసారిగా 1491లో క్రాకోలో ష్వైపోల్ట్ ఫియోల్ అనువాడు ప్రార్థనగ్రంథముల నచ్చువేసెను. వెంటనే మతాధికారులు ఆతనిని నిర్బంధించి విచారణ జరిపిరి. ఆతని యచ్చుకూటము మూతబడెను. కావున సిరిలికు ముద్రణకు స్కరీనా ఆద్యుడని చెప్పువారి మాట సరికాదు. అయితే ఫియోల్ జర్మనుడు, స్కరీనా ఆ భాష మాటలాడు జనులలో పుట్టినవాడు. ఫియోల్ పూజారుల కొఱకు ముద్రించెను. స్కరీనా యెవరి కొఱకు ముద్రించెనో యిక చూడుడు.

ఆతడు ముద్రణకు ఎన్నుకొన్న స్థలము స్వదేశమున గాక, వేయి కిలోమీటర్లకు పైగా దూరముననున్న చెకు దేశపు రాజధాని ప్రాగ్ నగరము. ఈ యెంపికకు కారణ మూహించుట కష్టము కాదు. 1488లోనే చెకు భాషలో సంపూర్ణ బైబిలును ముద్రించిన నగర మది. అక్షరములు పోయువారు, బొమ్మలు చెక్కువారు, కాగితము నమ్మువారు అచట లభింతురు. చెకు భాష కూడ స్లావు భాషయే. ఇక ధనము మాట. విల్నా నగరపు వర్తకుడు బొగ్దాన్ ఓంకొవ్ కావలసిన సొమ్ము నిచ్చెను. పాదువాలో పరీక్షరుసుమునకు కాసు లేనివాడు గ్రంథముద్రణకు వేలు పోగుచేయగలిగెనన్న, ఆతనియందు లోకవ్యవహారజ్ఞానము గూడ కొంత యుండె నని చెప్పవలయును.

1517 ఆగస్టు 6వ తేదీన స్కరీనా మొదటి గ్రంథము వెలువడెను. అది దావీదు కీర్తనల గ్రంథము. సెప్టెంబరు 10న యోబు గ్రంథము, అక్టోబరు 6న సొలొమోను సామెతలు, డిసెంబరు 5న సీరాకు గ్రంథము వెలువడినవి. నాలుగు నెలలలో నాలుగు పుస్తకములు! 1519 ముగియునప్పటికి బైబిలు పాతనిబంధనలోని 23 గ్రంథములు రూస్ జనుల చేతికి వచ్చినవి. మొత్తము పుటలు ఇంచుమించు 2400. జర్మను భాషలో మార్టిన్ లూథరు క్రొత్తనిబంధన 1522లో గాని వెలువడలేదు. అంతకు నైదేండ్లకు ముందే స్కరీనా పని మొదలైన దని గమనింపుడు. అన్నిటి నొకే బృహద్గ్రంథముగా కుట్టక, విడివిడిగా వెలువరించుట ఆతని వివేకమునకు గుఱుతు. ఒకేసారి పెద్ద వెల పెట్టలేనివాడు ఒక్కొక్కటిగా కొనుక్కొనవచ్చును గదా!

ఇక ఆ పుస్తకముల రూపము. ఆ కాలపు చేవ్రాత గ్రంథములలో నక్షరములు ఒకదానితో నొకటి యిరుకుకొని, కొమ్ములు కొసలు సాగి యుండును. స్కరీనా పోయించిన యక్షరములు గుండ్రముగ, విడివిడిగ, తేటగ నున్నవి. ఇటలీలో ఆతడు చూచిన లాటిను అచ్చుల ప్రభావ మిందు కనబడును. ఆకులకు వరుస సంఖ్య లున్నవి. పుట నడుమ కొయ్యచెక్కడపు బొమ్మలు, వాటిక్రింద అవి దేనిని చూపునో తెలుపు వాక్యములు నున్నవి. చదువు తక్కువవారికి బొమ్మలు సుబోధము గావలెనను తలంపుతోనే వానిని చేర్చితినని యాతడే చెప్పుకొనెను.

భాష విషయమున స్కరీనా చేసిన పని సూక్ష్మమైనది. కీర్తనల గ్రంథమును జనులు కంఠస్థము చేయుచుండిరి. దాని మాటలను మార్చుట వారికి రుచింపదు. కావున అందు ప్రాచీన స్లావు భాషనే యుంచి, కఠినపదముల యర్థమును జనుల వాడుకమాటలలో పుటయంచున ముద్రించెను. మీ పాఠ్యపుస్తకములలో పద్యముల క్రింద టిప్పణము లుండును గదా, దానివంటిదే. తక్కిన గ్రంథములలో మాత్రము చాలినంత స్వేచ్ఛ తీసికొని జనుల భాషను మూలమునందే కలిపెను. ప్రాచీన భాషాపక్షపాతులకు ఇది రుచింపకపోవచ్చును. నా యభిప్రాయమున మాత్రము ఆ రెండు పద్ధతులలోను గొప్పది మొదటిదే. ఉన్నదానిని చెఱపక, తెలియనివానిని వదలక, అంచున నాలుగు మాటలు చేర్చి యిరువురిని కలుపుట అనుభవముగల యుపాధ్యాయుడు చేయు పని.

ప్రతి గ్రంథమునకును ఆతడు పీఠిక వ్రాసెను. చివర ముగింపు మాటలు గూడ వ్రాసెను. ఈ పీఠికలే లేకున్న స్కరీనా యొక చతురుడగు పనివాడుగా మాత్రమే మనకు మిగిలియుండెడివాడు. గ్రంథములో నేమున్నది, అది యెవరికి పనికివచ్చును, ఏ మాట కేమి యర్థము అను సంగతుల నందు విప్పి చెప్పెను. సామాన్య జనుల మేలు కొఱకును జ్ఞానము కొఱకును ముద్రించుచున్నానని మఱల మఱల తెలిపెను. ఆ కాలపు విశ్వవిద్యాలయములలో ఏడు విద్యలు ముఖ్యములు. బైబిలునుండియే ఆ యేడింటిని నేర్వవచ్చునని స్కరీనా వాదించెను. వ్యాకరణమునకు కీర్తనల గ్రంథము, తర్కమునకు యోబు గ్రంథము, అలంకారశాస్త్రమునకు సొలొమోను గ్రంథములు, గణితమునకు సంఖ్యాకాండము, క్షేత్రగణితమునకు యెహోషువ గ్రంథము, ఖగోళమునకు ఆదికాండము, సంగీతమునకు బైబిలులోని గీతములు. ఈ వరుసలో కొన్ని మనకు బలవంతపు టతుకులుగా తోచును. భూమిని గోత్రముల వారికి పంచిన కథ చదివిన మాత్రాన క్షేత్రగణితము వచ్చునా? కాని యాతని యాంతర్యము వేఱు. క్రాకోకో పాదువాకో పోలేని పొలొత్స్క్ బాలునికి ఇంటనున్న యొక పుస్తకమే పాఠశాల కావలయునని యాతని కోరిక.

యూదితు గ్రంథపు పీఠిక అన్నిటిలోను ప్రసిద్ధమైనది. శత్రువులు చుట్టుముట్టిన తన యూరిని రక్షించిన స్త్రీ కథ యది. ఆ సందర్భమున స్కరీనా అడవి మృగములను, పక్షులను, చేపలను, తేనెటీగలను ఉదాహరణముగా గైకొని, జీవు లన్నియు తమ తావును మఱువనట్లే మనుష్యులును తాము పుట్టి పెరిగిన చోటిపై ప్రేమ కలిగియుందురని వివరించెను. నేటికిని బెలారుస్ పాఠశాలలలో బాలురకు పరిచయమైన భాగ మది. దానిని వ్రాసినప్పు డాతడు పరదేశమున నుండె నన్న సంగతి మఱువరాదు. పుస్తకములలో తన పేరు వచ్చినచోటనెల్ల తాను పొలొత్స్క్ నగరమువాడ ననియు, వైద్యపండితుడ ననియు చెప్పుకొనుట యాతని యలవాటు.

ఇంకొక చిత్రమైన సంగతి. బైబిలు గ్రంథములలో నాతడు తన చిత్తరువును తానే యచ్చువేయించెను. పండితుని యంగీ తొడుగుకొని, బల్లయెదుట కూర్చుండి, కలముతో వ్రాయుచున్నట్లు ఆ చిత్తరువున కనబడును. చుట్టును పుస్తకములు, ఇసుక గడియారము, ఆకాశగోళమును తెలుపు యంత్రము, ఒకచో సూర్యచంద్రులు కలిసియున్న యాతని ముద్రిక. పవిత్రగ్రంథమున జీవించియున్న ముద్రాపకుని బొమ్మయా యని నాడు కొందఱు ముక్కుమీద వ్రేలు వైచుకొని యుందురు. అది గర్వమనువారు ననవచ్చును. ఆ చిత్తరువు లేకున్న నేడాతని ముఖ మెవరికిని తెలిసియుండెడిది కాదు.

1520 ప్రాంతమున స్కరీనా స్వదేశమునకు మరలి విల్నా చేరెను. ఆ నగర పెద్దలలో ప్రముఖుడగు యాకుబ్ బాబిచ్ తన యింటిలోనే అచ్చుకూటమునకు చోటిచ్చెను. లిథువేనియా మహాసంస్థానమున వెలసిన తొలి యచ్చుకూట మదియే. 1522 ప్రాంతమున అచట వెలువడిన 'చిన్న ప్రయాణ పుస్తకము' చూడ ముచ్చటైనది. ప్రాగ్ గ్రంథములు బల్లపై బెట్టి చదువవలసినవి. ఇది చిన్నది, ప్రయాణపు సంచిలో నిముడునది. బండ్లపై ఊరూరు తిరుగు వర్తకులకు కావలసిన ప్రార్థనలు, కీర్తనలు అందున్నవి. వానితో పంచాంగము నున్నది. రాబోవు సంవత్సరములలోని సూర్యచంద్ర గ్రహణములను గూడ స్కరీనా అందు లెక్కకట్టి చూపెను. తోళ్ల వర్తకుని కుమారునికి వర్తకుల యవసరము లెట్టివో ఒకరు చెప్పవలసిన పని లేదు గదా!

1525 మార్చిలో 'అపోస్తలుల గ్రంథము' వెలువడెను. ఆ పిమ్మట స్కరీనా ముద్రించిన గ్రంథమేదియు కానరాదు. బైబిలంతయు ముద్రింపవలయునను సంకల్పము సగమున నిలిచిపోయెను. క్రొత్తనిబంధనలో నా యపోస్తలుల భాగము తప్ప సువార్తలు వెలువడలేదు. ప్రాచీన స్లావు భాషలో సంపూర్ణ బైబిలు 1581లో యుక్రేనులోని ఓస్త్రోగ్ నగరమున గాని ముద్రింపబడలేదు.

ఆతని చేతులను కట్టివైచిన కష్టము లివి. విల్నాలో స్కరీనా మార్గరీత అను వితంతువును వివాహమాడెను. ఆమె మొదటి భర్త యూరీ అద్వెర్నిక్ గూడ ముద్రణకు ధనసహాయము చేసినవాడే. ఆ యింటి యాస్తి విషయమై బంధువులు న్యాయస్థానముల కెక్కిరి. 1529లో సోదరుడు ఇవాన్ పోజ్నాన్ నగరమున మరణించెను. ఆతడు విడిచిన తోళ్ల సరకు కొంత, అప్పులు చాల. 1530లో ప్రష్యా ప్రభువు ఆల్బ్రెక్టు స్కరీనాను కోనిగ్స్‌బర్గ్ నగరమునకు పిలిపించి కొలువిచ్చెను గాని, స్కరీనా అచట నిలువలేదు. పోవుచు తన కొలువులోని వారిని వెంటగొనిపోయెనని ఆ ప్రభువు విల్నా అధికారులకు ఫిర్యాదు వ్రాసెను. ఆ సంవత్సరమే విల్నా నగరమున మహాగ్నిప్రమాదము సంభవించి నగరములో పెద్ద భాగము భస్మమయ్యెను.

1532లో మఱియొక దెబ్బ. సోదరుని ఋణదాతలు స్కరీనాను పోజ్నాన్‌లో పట్టించి చెఱసాలలో వేయించిరి. తాను చేయని యప్పుకు ఆతడు పదివారముల పాటు చెఱనుండెను. ఇవాన్ కుమారుడు రొమాన్ రాజగు సిగిస్మండు నొద్దకు పోయి, తండ్రి యాస్తికి బాధ్యుడను నేను గాని మా పినతండ్రి కాదని విన్నవింపగా రాజు విడుదల కాజ్ఞ యిచ్చెను. ఆ నవంబరులోనే రాజు స్కరీనాకు అధికారపత్రము నొసగి, ఇకమీదట తన న్యాయస్థానము తప్ప వేఱెవ్వరు నాతనిని విచారింపరాదని శాసించెను. ఈ కాలమున విల్నా బిషప్పునకు స్కరీనా వైద్యుడుగాను, కార్యదర్శిగాను నుండెను. ఇన్ని గౌరవములు దొరకినను, అచ్చుకూటము మాత్రము మఱల తెఱచుకొనలేదు. సీసపు టక్షరములకు రాజుగారి పత్రముకంటె సొమ్ము, శాంతి యెక్కువ కావలయును.

1535 ప్రాంతమున ఆతడు మఱల ప్రాగ్ చేరెను. ఈసారి ముద్రాపకుడుగా గాదు. ఫెర్డినాండు రాజు తన కోటయొద్ద క్రొత్తగా రాజోద్యానమును వేయించుచుండెను. స్కరీనా అందు తోటపని నిర్వహించు ఉద్యోగి యయ్యెను. వైద్యాచార్యుడు తోటమాలి యగుటయేమని మీరు నవ్వుకొనరాదు. ఆ కాలమున మందులు మొక్కలనుండియే వచ్చెడివి. ఆకును వేరును ఎఱుగనివాడు వైద్యుడు కాడు. స్కరీనా పట్టము పొందిన పాదువాలోనే 1545లో విశ్వవిద్యాలయమువారు ఔషధోద్యానమును నెలకొల్పిరి. 1539లో స్కరీనా రాజోద్యానపు కొలువును విడిచెను. ఆతని జీవితమున చివరి పండ్రెండేండ్ల వృత్తాంతము మిక్కిలి స్వల్పము.

1552 జనవరి 29వ తేదీన ఫెర్డినాండు రాజు ఒక పత్రమును వ్రాయించి యిచ్చెను. అది స్కరీనా కుమారుడగు సిమియోను కొఱకు. పొలొత్స్క్ వాసియు, ఒకప్పుడు తన తోటమాలియు, ఈ చెకు రాజ్యమున పరదేశియు నగు ఫ్రాన్సిస్క్ వైద్యుడు పరలోకగతు డయ్యెననియు, ఆతని సొత్తు, కాగితములు, ఋణపత్రములు ఎచట నున్నను కుమారుడు రాబట్టుకొనుటకు తోడ్పడవలసినదనియు ఆ పత్రము తెలుపుచున్నది. తండ్రి మరణవార్త మనకు దొరకునది ఆ మాటలలోనే. సిమియోను గూడ తండ్రివలెనే వైద్యమును, తోటపనిని చేపట్టి చెకు దేశముననే స్థిరపడెను.

స్కరీనా త్రోవలో నడచిన వారు కొందఱు. 1570 ప్రాంతమున వసీల్ త్యాపీన్స్కీ అను నాతడు సువార్త నచ్చువేసి, ఒక వరుసలో ప్రాచీన స్లావు భాషను, దాని ప్రక్కనే జనుల భాషను ముద్రించెను. స్కరీనా పుటయంచున చేసిన పనిని ఈతడు సగము పుటకు విస్తరింపజేసినట్లయినది. మాస్కో నగరమున తేదీ వేసిన తొలి యచ్చుగ్రంథము 1564లో ఇవాన్ ఫ్యోదొరొవ్ చేత వెలువడెను. అదియు 'అపోస్తలుల గ్రంథమే'. విల్నా ప్రతికిని దానికిని 39 సంవత్సరముల యంతరము.

కాని యాతడు ప్రేమించిన భాషకు కాలము కలిసిరాలేదు. 1696లో సంస్థానపు రాజకార్యములలో దానిని తొలగించి పోలిషు భాషను నెలకొల్పిరి. తరువాత ఆ దేశము రష్యా చక్రవర్తుల యేలుబడిలోనికి పోయెను. పల్లెలలో మాటలాడు భాషగా మాత్రమే అది నిలిచెను. గ్రంథము లేని భాషకు చరిత్ర గూడ లేదని చెప్పువా రుందురు. అట్టివారికి బెలారుసీయులు చూపుటకు మిగిలినవి స్కరీనా పుటలు. 1888లో వ్లదీమిరొవ్ అను పండితుడు స్కరీనా జీవితమును, గ్రంథములను గుఱించి పెద్ద పరిశోధనగ్రంథమును ప్రకటించెను. 1925లో విల్నా ముద్రణకు నన్నూఱేండ్లు నిండిన సందర్భమున మిన్స్క్ నగరమున ఉత్సవములు జరిపిరి. 1991లో బెలారుస్ స్వతంత్ర దేశమయ్యెను.

నేడు పొలొత్స్క్ నగరమున స్కరీనా విగ్రహము కలదు. 1974లో దానిని ప్రతిష్ఠించిరి. ఆ నగరముననే 1990లో బెలారుసు గ్రంథముద్రణ ప్రదర్శనశాలను తెఱచిరి. హొమెల్ నగరపు విశ్వవిద్యాలయ మాతని పేరు వహించియున్నది. లండను నగరమునందలి బెలారుసీ గ్రంథాలయమునకును ఆతని పేరే పెట్టిరి. 1979లో కనుగొన్న యొక చిన్న గ్రహమునకు సైతము స్కరీనా పేరు వచ్చినది. చిన్న ప్రయాణ పుస్తకమున గ్రహణములను లెక్కించినవానికి ఆకాశమున చోటు దొరకుట ముచ్చటైన సంగతి.

ఆతని యచ్చుప్రతులు ఐదువందలకు పైచిలుకు నేడు నిలిచియున్నవి. కొన్ని పూర్తి పుస్తకములు, కొన్ని చిరిగిన భాగములు. అవి ఐరోపాలోని పెక్కు నగరముల గ్రంథాలయములలోను, సముద్రము దాటియు చెదరియున్నవి. స్వదేశమున మిగిలినవి కొద్దియే. బెలారుస్ జాతీయ గ్రంథాలయమువారు ఆ యా దేశములనుండి పుటల ఛాయాచిత్రములను తెప్పించి, అచ్చముగా మూలమును పోలునట్లు 2013 మొదలు 2017 వఱకు 20 సంపుటములుగా ముద్రించిరి. 2017 నాటికి ప్రాగ్ కీర్తనల గ్రంథమునకు సరిగా 500 ఏండ్లు. ఆ సంపుటముల మొదటిదానిని తెఱచినచో, ఎఱ్ఱ నల్ల సిరాలతో ముద్రించిన పుటల యంచులందు, కఠినపదముల కర్థము తెలుపు ఆ చిన్న మాటలు తేటగా కనబడును.